చెబితే ఇల్లు ఖాళీ చేయాలంటావని

అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్‌లో కాంగ్రెస్ అవెన్యూ వంతెన మీద నిలబడి ఉన్నాం. పొద్దు గూకింది. వంతెన కింది సందుల్లోంచి గబ్బిలాలు నల్లటి పొగలా లేచి ఏటి వెంట తూర్పుకు పోతున్నాయి. చుట్టాలు వచ్చినప్పుడల్లా తీసుకొచ్చే చోటే కాబట్టి నేను పెద్దగా చూడటం లేదు. మా తొమ్మిదేళ్ల పాప మాత్రం రెయిలింగ్ పట్టుకుని చాలాసేపు ఉలుకూ పలుకూ లేకుండా చూసి, "నాన్నా, మొన్న నా రూమ్‌లోకి వచ్చింది కూడా ఇలాంటిదే" అంది.

"ఎప్పుడు?"

"మండే నైట్. లేచి చూస్తే కర్టెన్ మీద ఉంది. విండో తీస్తే వెళ్లిపోయింది."

"మరి మాకెందుకు చెప్పలేదమ్మా?"

నా వైపు చూడకుండానే జవాబిచ్చింది. "చెబితే ఇల్లు ఖాళీ చేయాలంటావని."

ఆ మాట ఎక్కడిదో నాకు వెంటనే తెలిసింది. అది మా అమ్మ మాట. నా నోటి మీదుగా పాపకు చేరింది.

నా చిన్నప్పుడు, వినుకొండ దగ్గర మా ఊళ్లో, వసారాలోకి గబ్బిలం వస్తే అమ్మ చీపురు పుచ్చుకుని బయటికి తరిమి గడపకు పసుపు నీళ్లు చల్లేది. గబ్బిలం తిరిగిన ఇల్లు ఖాళీ అవుతుందనేది. పాడుబడ్డ ఇళ్లలో గబ్బిలాలు చేరడం చూసి ఎప్పుడో ఎవరో ఆ సంగతిని తిరగేసుకుని ఉంటారు. మనుషులు వెళ్లిపోయాక గబ్బిలం వస్తుంది. మేమేమో గబ్బిలం వస్తే మనుషులు వెళ్లిపోతారని నమ్మాం. ఈ కథను ఒక రాత్రి భోజనాల దగ్గర పాపకు ఎంతో ఇష్టంగా చెప్పాను. మా ఊరి సంగతి ఒకటి తనకు ఇచ్చానని సంతోషపడ్డాను కూడా. నా ఉద్యోగం వల్ల అప్పటికే మూడు ఇళ్లు మారాం. ఈ వీధిలోనే తనకు మొదటిసారి ఇద్దరు స్నేహితులు దొరికారు. ఆ రెండూ కలిపి తొమ్మిదేళ్ల పిల్ల ఏం లెక్క కట్టుకుంటుందో నాకు తట్టలేదు.

అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి చేశాను. రాత్రిళ్లు కిటికీ వేసుకోమంటే వినేది కాదు. చెప్పీ చెప్పీ విసిగి, "మెక్సికో పక్కనే కదా, నెత్తురు తాగే గబ్బిలాలు వస్తాయి" అన్నాను. ఆ రోజు నుంచి కిటికీ వేసుకుంది. మాట వింటోందనుకున్నాను. సోమవారం రాత్రి కర్టెన్ మీద ఆ గబ్బిలాన్ని చూసినప్పుడు తను ఏమనుకుందో, లేచి వెళ్లి కిటికీ తీయడానికి ఎంత ధైర్యం చేసిందో తలుచుకుంటే ఇప్పటికీ నాకు కడుపులో దేవుతుంది. పక్క గదిలోనే ఉన్నాం. పిలవలేదు.

ఆ రాత్రే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. గబ్బిలం పళ్లు ఎంత సన్నగా ఉంటాయంటే కరిచినా గాటు కనిపించకపోవచ్చు. అందుకే నిద్రపోతున్న పిల్లల గదిలో గబ్బిలం కనబడితే, కరవలేదని తేలేదాకా కరిచినట్టే లెక్క. దాన్ని ముట్టుకోకుండా ఒక డబ్బా కింద మూసి ఉంచి ఉంటే పరీక్ష చేసేవారు, రేబిస్ లేదని తేలితే ఇంజెక్షన్ల అవసరమే ఉండేది కాదు. మా గబ్బిలం వెళ్లిపోయింది కాబట్టి ఆ దారి లేదు. మొదటి రోజు ఇమ్యూనోగ్లోబ్యులిన్‌తో (రేబిస్‌ను వెంటనే అడ్డుకునే ప్రతిరక్షకాల మందు) పాటు ఒక టీకా, ఆ తర్వాత 3, 7, 14 రోజులకు ఒక్కోటి. పాప ఏడవలేదు. డాక్టర్‌ను ఒకే ప్రశ్న అడిగింది: "వాజ్ ఇట్ ఎ వాంపైర్ బ్యాట్?" ఆమె నవ్వకుండా, ఇక్కడ తిరిగేవి పురుగులను తినేవని, నెత్తురు తాగేవి కావని ఓపిగ్గా చెప్పింది. పాప నా వైపు చూసింది.

ఇంటికొచ్చాక నా భార్య రాళ్లుప్పు, ఎండుమిరపకాయలు తీసి పాపకు దిష్టి తీసింది. తీయమన్నది నేనే. కారులో వస్తూ, ఇకమీదట పిల్లకు ఇలాంటివేవీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నవాణ్నీ నేనే.

ఇంజెక్షన్ల మధ్య రోజుల్లో పాపా నేనూ కలిసి నెత్తురు తాగే గబ్బిలాల గురించి చదవడం మొదలుపెట్టాం. నేను చేసిన తప్పును సరిదిద్దుకోవాలని నేను కూర్చున్నాను. తను ఎందుకు కూర్చుందో అడగలేదు.

అవి నిజంగానే ఉన్నాయి. ప్రపంచంలో వెయ్యికి పైగా గబ్బిలాల జాతులుంటే, నెత్తురు ఆహారంగా బతికేవి మూడే. మూడూ అమెరికా ఖండాల్లోనే, మెక్సికో నుంచి దక్షిణాన అర్జెంటీనా దాకా. అందులో రెండు ఎక్కువగా పక్షుల నెత్తురు మీద ఆధారపడతాయి. మూడోది పశువుల దగ్గరికి వస్తుంది, అప్పుడప్పుడు మనుషుల దగ్గరికీ వస్తుంది. మన టెక్సస్‌లో 1967లో వాల్ వెర్డే కౌంటీలో ఒకే ఒక్కటి దొరికిందట, అదీ పక్షుల నెత్తురు తాగే రకం. "ఒకటే నాన్నా," అని పాప వేలు చూపించి మరీ చెప్పింది. నేను తల ఊపాను.

బరువు ముప్పై నలభై గ్రాములు. ముక్కు దగ్గర వేడిని పసిగట్టే చోట్లు ఉంటాయి, వాటితో చర్మం కింద నెత్తురు పైకి తేలి ఉన్న చోటు కనుక్కుంటుంది. నేల మీద చేతులూ కాళ్లూ ఊనుకుని నడుస్తుంది, పరుగెత్తుతుంది కూడా. చిన్న గాటు పెట్టి, కారే నెత్తురును పిల్లి పాలు తాగినట్టు నాలుకతో నాకుతుంది. పీల్చదు. నెత్తురు గడ్డకట్టకుండా చేసే పదార్థం దాని లాలాజలంలో ఉంది, దానికి డ్రాక్యులిన్ అని పేరు పెట్టారు.

పాపను పట్టేసుకున్న విషయం ఇంకొకటి. ఈ గబ్బిలం వరసగా రెండు మూడు రాత్రులు ఆహారం దొరక్కపోతే చచ్చిపోతుంది. వేటకు వెళ్లిన ప్రతి రాత్రీ దొరుకుతుందనే నమ్మకం లేదు. అలా ఖాళీ కడుపుతో తిరిగొచ్చిన దానికి, కడుపు నిండిన పక్క గబ్బిలం తను తాగిన నెత్తురును కక్కి నోటికి అందిస్తుంది. జెరాల్డ్ విల్కిన్సన్ అనే శాస్త్రవేత్త కోస్టారికాలో వీటిని గమనించి 1984లో నేచర్ పత్రికలో రాశాడు. తల్లీపిల్లల మధ్యే కాదు, చుట్టరికం లేని ఆడ గబ్బిలాల మధ్య కూడా ఇది జరుగుతుంది, ఎక్కువ రోజులు కలిసి వేలాడిన వాటి మధ్య. తల్లి చనిపోయిన పిల్లను వేరే ఆడ గబ్బిలం సాకిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పేజీ దగ్గర పాప చాలాసేపు ఆగింది. "అవి కూడా ఫ్రెండ్స్‌ని వదిలి వెళ్లవు" అంది. ఆ 'కూడా' అన్న మాటకు నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఏడు మళ్లీ ఇల్లు మారాల్సి రావచ్చని నాకు తెలుసు. తనకు ఇంకా చెప్పలేదు.

కథల దగ్గరికి వచ్చేసరికి నా ఒట్టు నిలవలేదు. భయపెట్టేవి చదవకూడదనుకున్నాను, కానీ ఈ గబ్బిలాల చుట్టూ ఉన్నవన్నీ భయం కథలే. ఐరోపాలో నెత్తురు తాగే గబ్బిలం ఒక్కటీ లేదు. అక్కడ సమాధిలోంచి లేచి నెత్తురు తాగే శవాల కథలుండేవి, ఆ శవాల పేరే అమెరికా గబ్బిలానికి అతికించారు. డ్రాకులా గబ్బిలంగా మారడం 1897 నాటి నవలతో అందరి మనసుల్లోనూ స్థిరపడింది. పేరు అక్కడితో ఆగలేదు. కప్పల్నీ ఎలుకల్నీ తినే మన దేశపు గబ్బిలానికి కూడా ఇంగ్లిష్‌లో 'ఫాల్స్ వాంపైర్' అనే పేరుంది.

నిజంగా ఆ గబ్బిలాలతో కలిసి బతికినవాళ్ల కథలు వేరుగా ఉన్నాయి. మధ్య అమెరికాలోని మాయా ప్రజల పురాణ గ్రంథం పోపోల్ వుహ్‌లో పాతాళానికి వెళ్లిన కవల అన్నదమ్ములు గబ్బిలాల ఇంట్లో ఒక రాత్రి గడపాలి. తెల్లారిందేమోనని తల బయటికి పెట్టిన హునాఫు తలను కమసోట్స్ అనే గబ్బిలం తెంపేస్తుంది. అంత భయం ఉన్న చోటే, మెక్సికోలోని చియాపాస్‌లో, త్సోత్సిల్ అనే జనం ఉన్నారు. ఆ పేరు గబ్బిలం అన్న మాట నుంచే వచ్చింది. భయపడేదాని పేరే తమకు పెట్టుకున్నారు. మా ఇంట్లో గబ్బిలం పేరు చీకటి పడ్డాక ఎత్తనిచ్చేవారు కాదు.

కరీబియన్ సముద్రంలోని ట్రినిడాడ్ దీవి కథను పాపే తెచ్చింది. తన స్నేహితురాళ్లలో ఒకమ్మాయిది అక్కడి కుటుంబం, 1845 నుంచి 1917 వరకు ఇండియా నుంచి చెరకు తోటల కూలీలుగా ఓడల్లో వెళ్లినవాళ్ల వారసులు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్లలో మన తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ అమ్మాయి వాళ్ల అమ్మమ్మ సూకుయాన్ కథ చెబుతుందట. పగలు మామూలు ముసలమ్మ. రాత్రి చర్మం విప్పి రోట్లో దాచి, నిప్పుల ముద్దలా ఎగిరి వెళ్లి నిద్రపోయేవాళ్ల నెత్తురు తాగుతుంది. పొద్దున్నే ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడతాయి. ఆమెను ఆపాలంటే గడప ముందు బియ్యం పోయాలి. ఒక్కో గింజా లెక్కపెట్టకుండా ఆమె లోపలికి రాలేదు. లేదంటే ఆమె విప్పిన చర్మానికి ఉప్పూ కారం పట్టించాలి.

ఉప్పూ కారం అనగానే పాప వాళ్లమ్మ వైపు చూసింది.

నేను ఉండబట్టలేక 'ఓ స్త్రీ రేపు రా' గురించి చెప్పేశాను. నా చిన్నతనంలో మా వీధిలో తలుపు తలుపుకీ బొగ్గుతోనో సుద్దతోనో ఆ మాట రాసి ఉండేది. రాత్రి వచ్చే ఆడ దెయ్యం అది చదివి వెనక్కి పోతుంది, మర్నాడు వస్తే మళ్లీ అదే చదువుతుంది. పాప కళ్లు పెద్దవి చేసుకుని విన్నది. ట్రినిడాడ్‌లో బియ్యం గింజలు, మన దగ్గర నాలుగు మాటలు. రెండు చోట్లా గడప దగ్గర రాత్రిని ఆపాలన్న అమ్మల ఆరాటమే నాకు కనిపించింది. నేను కిటికీ వేయించడానికి చెప్పిన అబద్ధం కూడా ఆ జాతిదేనా అని చాలాసేపు ఆలోచించాను. ఇంకా తేల్చుకోలేదు.

ఆ భయంలో నిజం కూడా ఉంది, దాన్ని దాటేసి పిల్లలకు చెప్పడం సరికాదు. 1929లో ట్రినిడాడ్‌లో మనుషులు పక్షవాతంలాంటి జబ్బుతో చనిపోవడం మొదలైంది. ముందు పోలియో అనుకున్నారు. జోసెఫ్ లెనాక్స్ పవాన్ అనే అక్కడి బాక్టీరియాలజిస్టు చనిపోయినవారి మెదళ్లను పరీక్షించి అది రేబిస్ అని, నెత్తురు తాగే గబ్బిలాల వల్ల వస్తోందని తేల్చాడు. రాత్రి వచ్చి నెత్తురు తాగేది ఒకటుందని, దాని వల్ల మనుషులు పోతారని అమ్మమ్మలు చెప్పడంలో పూర్తి అబద్ధమేమీ లేదు. ఇది చెప్పినప్పుడు పాప తన చేతి మీద సూది గుచ్చిన చోటు తడుముకుంది.

అమ్మకు మాత్రం ఫోన్ చేసి, ఇక పాపకు అరిష్టాల మాటలు చెప్పొద్దని కొంచెం గట్టిగానే అన్నాను. పాపకు ఆ కథ చెప్పింది నేనైతే, మాట పడింది అమ్మ. ఆమె "సరే నాయనా" అని ఊరుకుంది. ఆ తర్వాత ఆదివారం వీడియో కాల్‌లో పాపే ఎత్తుకుంది. వచ్చీరాని తెలుగులో, గబ్బిలాలు ఆకలేసిన ఫ్రెండ్‌కి నెత్తురు పెడతాయని నానమ్మకు చెప్పింది. అమ్మ అసహ్యించుకుంటుందనుకున్నాను.

"తల్లి మనసు దేనికైనా ఒకటేనే బుజ్జితల్లీ," అంది అమ్మ. "మన చెరువుగట్టు మర్రిచెట్టు మీద పెద్ద గబ్బిలాలుండేవి. పిల్లను పొట్టకు కరిపించుకునే ఎగిరేది తల్లి. అంత బరువుతో ఎట్లా ఎగురుతుందా అని నేను బిందె కింద పెట్టి నిలబడి చూసేదాన్ని."

నలభై రెండేళ్లలో ఈ సంగతి అమ్మ నాకు చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఆమె దగ్గర్నుంచి చీపురూ పసుపు నీళ్లే గుర్తుపెట్టుకుని వచ్చాను. మా వినుకొండలో పుట్టిన జాషువా గారు 1941లోనే, 'గబ్బిలం' కావ్యంలో, గుడిలోకి రానివ్వని మనిషి చేత గుడిలో తిరగగల గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పి పంపించారు. బడిలో ఆ పద్యాలు అప్పజెప్పి మార్కులు తెచ్చుకున్నాను. ఇంటికి వచ్చి గబ్బిలం కనబడితే చీపురు పట్టుకున్నాను. పాపకు ఏం చెప్పాలన్నా ముందు ఇది గుర్తొస్తోంది.

ఈ మధ్య పిల్లలకు దెయ్యం కథలు చెప్పాలా వద్దా అని ఒక మిత్రుడు అడిగాడు. నెల క్రితమైతే వద్దని చెప్పేవాణ్ని. దానికి ముందు నెలైతే మన కథలు కాకపోతే ఇంకెవరివి చెబుతామని వాదించేవాణ్ని. ఇప్పుడు, చెప్పినా చెప్పకపోయినా పక్క గదిలోంచి మనల్ని పిలిచేలా మాత్రం ఉంచుకోమన్నాను. అది ఎలా చేయాలో ఆయన అడిగాడు. నేను చెప్పలేకపోయాను.

నాలుగో ఇంజెక్షన్ అయిపోయిన రోజు సాయంత్రం పాప గదిలోకి వెళ్తే కిటికీ అద్దానికి ఒక కాగితం అతికించి ఉంది. తెలుగు క్లాసుకు రానని రెండేళ్లుగా మొండికేస్తున్న పిల్ల, వాళ్లమ్మను ఒక్కో అక్షరం అడిగి రాసుకుందట. 'ఓ గబిలం రేపు రా.' బ కింద ఒత్తు లేదు. పెన్సిల్ తీసుకుని దిద్దబోయి ఆగాను. కాగితం ఇంకా అలాగే ఉంది. రోజూ రాత్రి కిటికీ వేయడానికి వెళ్లినప్పుడు ఆ ఒత్తు పెట్టాలా వద్దా అని కాసేపు నిలబడుతున్నాను.