5 రూపాయల భోజనంతో జీర్ణవ్యవస్థ చదువుకున్నాను

నమస్తే ఫ్రెండ్స్. గ్రూప్-4కి చదివే రోజుల్లో బయాలజీలో నన్ను ఎక్కువగా ఏడిపించింది జీర్ణవ్యవస్థ. నాది బీకామ్. పదో తరగతి తర్వాత సైన్సు పుస్తకం ముట్టింది లేదు. అందరూ చేసినట్టే ఎంజైముల (ఆహారాన్ని విడగొట్టే పదార్థాల) పట్టిక ఒక చార్టు మీద రాసి రూంలో గోడకు అంటించాను. గ్రంథి, రసం, ఎంజైము, దేని మీద పనిచేస్తుంది, దేన్ని ఇస్తుంది అంటూ ఐదు గడులు. పొద్దున బట్టీ పడితే సాయంత్రానికి ట్రిప్సిన్ పోయి పెప్సిన్ గడిలో కూర్చునేది. మొదటి మాక్ టెస్టులో ఈ చాప్టర్ నుంచి వచ్చిన 5 బిట్లలో 4 తప్పు.

ఆ చార్టు అక్కర లేకుండా పోయింది హైదరాబాద్ చిక్కడపల్లి లైబ్రరీలో చదువుకునేటప్పుడు. మధ్యాహ్నం 5 రూపాయల భోజనం ప్లేటు చేతిలో పట్టుకుని చూస్తే అన్నం పిండిపదార్థం, పప్పు ప్రోటీన్, పచ్చడి మీది నూనె కొవ్వు, సాంబారులో సొరకాయ ముక్క పీచు. గోడ మీద ఉన్నదంతా ప్లేటులోనే ఉంది. ఆ రోజు నుంచి ఎంజైము పేరు వెతుక్కోవడం మానేసి, ‘ముద్ద ఇప్పుడు ఎక్కడుంది, ఇక్కడ ఎవరి వంతు?’ అని అడుగుతూ చదివాను.

నోట్లో అన్నం వంతు. మూడు జతల లాలాజల గ్రంథులు, అందులోంచి వచ్చే టయలిన్. దాన్నే లాలాజల అమైలేజ్ అని కూడా ఇస్తారు, రెండు పేర్లూ ఒకటే అని గుర్తుంచుకోండి. అది పిండిపదార్థాన్ని మాల్టోజు అనే చక్కెరగా విడగొడుతుంది. వట్టి అన్నం మింగకుండా కాసేపు నమిలి చూడండి, తియ్యగా తగులుతుంది. పప్పును పళ్లు నలపడం తప్ప నోట్లో దానికి జరిగేదేమీ లేదు.

తెలుగు మీడియం వాళ్లు ఇక్కడ ఒకచోట పడతారు, నేనూ పడ్డాను. మింగేటప్పుడు ముద్ద శ్వాసనాళంలోకి పోకుండా మూతలా అడ్డుపడేది ఉపజిహ్విక. నేను దాన్ని కొండనాలుక అనుకునేవాణ్ని. అద్దం ముందు నోరు తెరిస్తే వెనక వేలాడుతూ కనబడేది కొండనాలుక. ఉపజిహ్విక ఇంకా కింద ఉంటుంది. మాక్ టెస్టులో ముందు సరిగ్గానే పెట్టి, అనుమానమొచ్చి దిద్దాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత నా ఓఎంఆర్ షీటు మీదే నిజమైంది.

ఆహారవాహికలో ఎవరి వంతూ లేదు, పెరిస్టాలిసిస్ మాత్రమే. కండరాలు అలలా బిగుసుకుంటూ ముద్దను నెడతాయి కాబట్టి పడుకుని తిన్నా లోపలికే పోతుంది.

జీర్ణాశయంలో పప్పు వంతు. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఇంకా పనిచేయని రూపంలో ఉన్న పెప్సినోజెన్‌ను పెప్సిన్‌గా మారుస్తుంది, పెప్సిన్ ప్రోటీన్ల పని పడుతుంది. ఆ ఆమ్లానికే టయలిన్ చతికిలబడుతుంది. అంటే నోట్లో మొదలైన అన్నం పని ఇక్కడ ఆగి, చిన్నపేగులో మళ్లీ మొదలవుతుంది. ‘పిండిపదార్థాల జీర్ణక్రియ ఎక్కడ జరగదు?’ అనే బిట్టుకు జవాబు ఈ జీర్ణాశయమే. పట్టిక చూసి చదివినన్నాళ్లూ ఈ ఆగడం నాకు కనబడలేదు.

ముద్ద వెంట పోవడం నా తెలివే అనుకున్నాను గానీ, 200 ఏళ్ల కింద ఒకాయన నిజంగానే ముద్ద వెంట వెళ్లి చూశాడు. 1822లో అమెరికాలోని మాకినాక్ దీవిలో అలెక్సిస్ సెయింట్ మార్టిన్ అనే పనివాడికి తుపాకీ గుండు తగిలింది. ప్రాణం దక్కింది, పొట్టకు పడ్డ కన్నం మాత్రం పూడలేదు. వైద్యం చేసిన సైనిక డాక్టరు విలియం బోమాంట్ 1825 నుంచి మాంసం, రొట్టె, క్యాబేజీ ముక్కల్ని పట్టుదారానికి కట్టి ఆ కన్నంలోంచి లోపలికి దించేవాడు. కాసేపయ్యాక పైకి లాగి ఏది ఎంత కరిగిందో చూసేవాడు. జీర్ణాశయంలో ఊరే జఠరరసాన్ని బయటికి తీసి, సీసాలో వెచ్చగా ఉంచి, అందులో మాంసం వేసినా కరిగింది. జీర్ణాశయం చేసేది తిప్పి రుబ్బడం ఒక్కటే కాదు, రసాయన చర్య కూడా అని అలా తేలింది. 1833లో ఇదంతా పుస్తకంగా వేశాడు. పాపం ఆ మార్టిన్ ఎంత విసిగిపోయాడో.

చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలానికి వచ్చేసరికి నూనె వంతు, నా అసలు తిప్పలు కూడా ఇక్కడే. పైత్యరసం తయారయ్యేది కాలేయంలో, నిల్వ ఉండేది పిత్తాశయంలో, పనిచేసేది ఆంత్రమూలంలో. ఈ మూడు చోట్లతో మూడు వేర్వేరు బిట్లు చేయొచ్చు. అందులో ఎంజైములు లేవు. జిడ్డు గిన్నె మీద సబ్బులా కొవ్వును చిన్న బిందువులుగా చెదరగొడుతుంది, అదే ఎమల్సీకరణం. నేను కొన్న ఒక కోచింగ్ మెటీరియల్‌లో ‘పైత్యరసంలోని లైపేజ్’ అని అచ్చేశారు. (లైపేజ్ అంటే కొవ్వును విడగొట్టే ఎంజైము.) రెండు నెలలు అదే చదివాను. స్కూలు పుస్తకం తిరగేస్తే గానీ తప్పు బయటపడలేదు. మెటీరియల్ ఎంత లావుగా ఉన్నా పక్కన స్కూలు పుస్తకం పెట్టుకోండి.

లైపేజ్ ఇచ్చేది క్లోమం, అంటే పాంక్రియాస్. (ప్లీహం, అంటే స్ప్లీన్ కాదు. దానికి జీర్ణక్రియతో పనే లేదు.) క్లోమరసానికి నేను కొత్తగా ఏమీ గుర్తుపెట్టుకోలేదు. ప్లేటులో అన్నం ఉంది, అమైలేజ్. పప్పు ఉంది, ట్రిప్సిన్. నూనె ఉంది, లైపేజ్. పైగా పైత్యరసం, క్లోమరసం రెండూ క్షారగుణం ఉన్నవే. జీర్ణాశయం నుంచి వచ్చిన ఆమ్లం విరిగిపోతుంది, పెప్సిన్ ఆట కడుతుంది.

మిగతాది గబగబా. చిన్నపేగు సుమారు 6 మీటర్లు, పెద్దపేగు మీటరున్నర. పేరు వెడల్పును బట్టి వచ్చింది, పొడవును బట్టి కాదు. చిన్నపేగు లోపలి గోడ మీద వేళ్లలా ఉండే ఆంత్రచూషకాల్లో గ్లూకోజు, అమైనో ఆమ్లాలు రక్తంలోకి, కొవ్వులు వాటిలోని శోషరస నాళాలైన లాక్టియల్స్‌లోకి పోతాయి. సొరకాయ పీచులోని సెల్యులోజును అరిగించే ఎంజైము మనకు లేదు, అది పెద్దపేగు దాకా వెళ్తుంది. నీళ్లు చాలావరకు చిన్నపేగులోనే పీల్చుకున్నా, మిగిలినవి లాగేది పెద్దపేగు. ఒక జీకే ముక్క: రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్‌కు 1904లో నోబెల్ వచ్చింది జీర్ణక్రియ మీద పరిశోధనకు. గంట మోగితే కుక్కకు నోరూరే ఆయన ప్రయోగం గుర్తొచ్చి సైకాలజీ ఆప్షన్ పెట్టకండి.

చార్టు పారేయలేదు, 20 రూపాయలు పెట్టి కొన్నది. తిప్పి వెనకవైపు రక్తప్రసరణ వ్యవస్థ వేసుకున్నాను. అందరూ గుండె బొమ్మతో మొదలుపెడతారు, నేను పేగు నుంచి కాలేయానికి పోయే నిర్వాహక సిరతో మొదలుపెట్టాను. మధ్యాహ్నం తిన్న అన్నం గ్లూకోజై అక్కడే ఉంది మరి.