మూడు అంగుళాల తేడా

ఈ ఉదయం నా డ్రా లెంగ్త్‌ను, అంటే విల్లు నారిని నేను ఎంత దూరం లాగుతానో ఆ కొలతను, మళ్లీ కొలిపించుకున్నాను. బారచాపిన చేతుల పొడవును రెండున్నరతో భాగిస్తే వచ్చే సంఖ్యనే ఇన్నాళ్లూ నమ్ముకుని ఉన్నాను గానీ, అది అంచనాకు పనికొస్తుందే తప్ప పాత విల్లును ఎంచుకోవడానికి చాలదు. తేలికపాటి విల్లుకు 34 అంగుళాల బాణం తొడిగి, చూపుడువేలు దవడ కిందికి ఆనేదాకా నారిని లాగి నిలిచాను. పిడిలో లోతుగా ఉండే చోటుకు సూటిగా మిత్రుడు బాణం మీద పెన్సిలు గీత గీశాడు. బాణం గాడి నుంచి ఆ గీత వరకు 29¼ అంగుళాలు ఉంది. ఆనవాయితీ ప్రకారం దానికి 1¾ కలిపితే 31 అవుతుంది. మూడుసార్లు లాగినా గీత అక్కడే పడింది.

పాత రికర్వ్ విల్లు (కొనలు ముందుకు వంగి ఉండే రకం) మీద రాసి ఉండే పౌండ్ల లెక్క, అంటే లాగడానికి పట్టే బలం, 28 అంగుళాలకు లాగినప్పటిది. అంటే నేను ఏ విల్లు పట్టినా, ఆ 28ని దాటి మూడు అంగుళాలు ముందుకు వెళ్తున్నానన్నమాట. ఒక్కో అంగుళానికి రెండు నుంచి మూడు పౌండ్ల బరువు పెరుగుతుంది గనుక, 40 అని రాసి ఉన్న విల్లు నా చేతిలో 46 నుంచి 49 వరకు లాగుతుంది. బరువు పెరగడం ఒక్కటే అయితే తక్కువ పౌండ్ల విల్లు తీసుకుని సరిపెట్టుకోవచ్చు. అసలు చిక్కు విల్లు పొడవులో ఉంది.

మధ్యాహ్నం విలువిద్య నేర్పే మాస్టారి దగ్గరకు వెళ్లేసరికి ఆయన తన పాత విళ్లలో మూడింటిని దుప్పటి పరిచి దాని మీద పెట్టి ఉంచారు. మొదటిది 58 అంగుళాల వేట విల్లు. ముదురు కలప పిడి, లింబ్‌ల (పిడికి పైనా కిందా వంగే భాగాల) మీద తేనెరంగు ఫైబర్‌గ్లాస్, దాని కింద మేపుల్ చెక్క పొరలు. దాన్ని చూడగానే మనసు అటే పోయింది. 1960లు, 70లలో పొదల మధ్య తేలిగ్గా తిప్పుకోవడానికి వేటగాళ్లు పొట్టి విళ్లను కోరుకునేవారు. ఫ్రెడ్ బేర్ సంస్థ చేసిన కోడియాక్ మాగ్నమ్ మరీ పొట్టిది, 52 అంగుళాలే. పొట్టి విల్లును ఎక్కువగా లాగేకొద్దీ లింబ్ కొనకూ నారికీ మధ్య కోణం లంబకోణానికి దగ్గరవుతుంది. అక్కడి నుంచి లింబ్‌ను వంచడానికి ఉండే మీట బలం తగ్గిపోయి, ప్రతి అంగుళమూ అంతకు ముందుదాని కంటే బరువెక్కుతుంది. దీన్నే విలుకాళ్లు స్టాకింగ్ అంటారు.

మాస్టారు నారికి స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగి చూపించారు. 28 అంగుళాల దగ్గర 45 పౌండ్లు, 29 దగ్గర 48, 30 దగ్గర 52. అక్కడ ఆపేసి, "ఇంక వద్దు నాయనా, ఇది నీ కోసం చేసిన విల్లు కాదు" అన్నారు. నేను లాగి చూసినప్పుడు నారి నా వేళ్లను రెండు వైపుల నుంచీ నొక్కిన తీరు చూస్తే ఆయన మాట నిజమేనని నాకూ తెలుస్తూనే ఉంది. అయినా దాన్ని తిరిగి దుప్పటి మీద పెట్టడానికి నాకు కొంత సమయం పట్టింది.

రెండోది 64 అంగుళాలది. నారి ఎక్కించి కొన వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే, కింది లింబ్ మీద నారి నడిమి గీతను వదిలి పక్కకు ఒరిగి ఉంది. లింబ్ మెలిక తిరిగిందని అర్థమై దాన్ని వదిలేశాం.

మూడోది పోటీల కోసం చేసిన 68 అంగుళాల ఒంటిముక్క విల్లు. 52 ఏళ్ల విరామం తర్వాత 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో విలువిద్య మళ్లీ చోటు చేసుకుంది. అంతకు ముందటి దశాబ్దంలో గురిపోటీల వాళ్లు వాడిన పొడవాటి విళ్ల కోవలోనిదే ఇది. మాస్టారు ఇచ్చిన దూది ఉండతో లింబ్ అంచుల వెంట మెల్లగా రాస్తూ వెళ్లాను. ఎక్కడైనా ఫైబర్‌గ్లాస్ పెచ్చు లేచి ఉంటే దూది పోగు చిక్కుకుంటుంది. ఎక్కడా చిక్కలేదు. లింబ్ పొడవునా సాగిన సన్నని గీతలు కొన్ని కనిపించాయి గానీ అవి వయసు తెచ్చినవి. అడ్డంగా చీలిన గీత ఒక్కటి కనిపించినా నేను దాన్ని ముట్టుకునేవాణ్ణి కాను.

త్రాసు మీద ఇది 28 దగ్గర 36, 31 దగ్గరకు వస్తే సుమారు 43 చూపాలని లెక్క వేసుకున్నాం. కానీ వెంటనే 31 దాకా లాగలేదు. ఏళ్ల తరబడి గోడకు వేలాడిన విల్లు, ముందు వాడినవారు 28 దాటించారో లేదో చెప్పలేం. పాత విల్లు కొనలు కొత్తరకం గట్టి నారి దెబ్బకు ఆగవని మాస్టారు కాస్త సాగే డాక్రాన్ (పాలిస్టర్) నారినే ఇచ్చారు. స్ట్రింగర్‌తో (విల్లును వంచి నారి ఎక్కించే తాడుతో) దాన్ని ఎక్కించి, బాణానికి అంగుళానికొకటి చొప్పున ఎర్ర దారం కట్టి, 22 దగ్గర పదిసార్లు, 24 దగ్గర పదిసార్లు లాగి, నారిని వదలకుండా నెమ్మదిగా వెనక్కి తెచ్చాను. సాయంత్రానికి 28 దారం దాకా వచ్చాను. లింబ్‌లలో చిన్న చప్పుడు కూడా రాలేదు, వేళ్ల మీద నొక్కుడూ లేదు. నారి దించి, విల్లును రెండు మేకుల మీద అడ్డంగా పెట్టి వచ్చాను. రేపు 29 దారం దగ్గర మొదలుపెడతాను.