గేదెల పాలు ఎవరు పితికారు

మా అమ్మాయి విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతోంది. మొన్న మార్చిలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి, "నాన్నా, ఆవుని నాలుగు రోజులు పితక్కుండా వదిలేస్తే ఏమవుతుంది?" అని అడిగింది.

గుంటూరు కొత్తపేటలో నాది పశువుల మందుల షాపు. ఇరవై రెండేళ్ళుగా రోజూ వినే మాటలే ఇవి. పాడి ఆవు ఒక్క పూట తప్పినా పొదుగు బిగుసుకుపోతుందనీ, చెయ్యి వెయ్యనివ్వదనీ, పాలు వాటంతటవే కారతాయనీ, రెండో రోజుకి పొదుగువాపు భయం ఉంటుందనీ చెప్పాను. అన్నిటికంటే ముందు అది అరుస్తుంది. ఆ అరుపు ఆకలి అరుపులా ఉండదు. చావిడి దాటి, చేను దాటి వినబడుతుంది.

"ఎవరిదమ్మా ఆవు?" అన్నాను.

"జర్మనీలో నాన్నా. 1922లో."

అలా హింటర్‌కైఫెక్ గురించి నాకు తెలిసింది. అది బవేరియాలో, మ్యూనిక్‌కి ఉత్తరాన 70 కిలోమీటర్ల దూరంలో, అడవి పక్కన ఊరికి ఎడంగా ఉన్న ఒక రైతు ఇల్లు. 1922 మార్చి 31, శుక్రవారం రాత్రి ఆ ఇంట్లో ఉన్న ఆరుగురినీ ఎవరో చంపేశారు. వేళ్ళూ మొదళ్ళూ తవ్వే పార లాంటి పనిముట్టుతో. ఇంటి పెద్ద ఆండ్రియాస్ గ్రూబర్‌కి 63 ఏళ్ళు, భార్యకి 72, భర్త పోయిన కూతురు విక్టోరియాకి 35. ఆమె కూతురికి 7, కొడుక్కి 2. ఆరో మనిషి పనిమనిషి మరియా. ఆమె ఆ ఇంట్లో పనికి చేరింది ఆ రోజే. తోడబుట్టినామె వెంట వచ్చి దిగబెట్టి వెళ్ళింది. ఒక్క రోజు ఆలస్యంగా బయల్దేరినా ఆమె బతికేదని నేను ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను. ఆ ఏడేళ్ళ పిల్ల గురించి వైద్యుడు చెప్పింది మాత్రం ఇక్కడ రాయలేను.

ఆ ఏడాది మొదట్లోనే మన పెదనందిపాడు ఫిర్కా రైతులు తెల్లవాళ్ళకి పన్ను కట్టేది లేదని మొండికేశారు. మా తాత ఆ సంగతులు చెబుతుంటే విన్నవాణ్ణి కాబట్టి 1922 అంటే నాకు మరీ దూరం అనిపించలేదు. అక్కడా రైతులే, అక్కడా గొడ్లే.

శవాలు బయటపడింది ఏప్రిల్ 4, మంగళవారం. నన్ను పట్టుకుని వదలనిది ఈ మధ్య రోజులే. శనివారం పిల్ల బడికి రాలేదు. కాఫీ గింజల ఆర్డర్ కోసం వచ్చినవాళ్ళు తలుపు కొట్టి వెళ్ళిపోయారు. ఆదివారం ఆ కుటుంబం చర్చికి రాలేదు. సోమవారం పోస్టుమాన్ వస్తే శనివారం పెట్టిన ఉత్తరాలు అలాగే ఉన్నాయి. మంగళవారం ఇంజను రిపేరుకి మెకానిక్ వచ్చాడు. ఎవరూ పలకకపోతే తనే మొదలుపెట్టి, కొన్ని గంటలు పనిచేసి వెళ్ళాడు. గోడ అవతల శవాలున్నాయని అతనికి తెలీదు. పశువుల అలికిడి మాత్రం వినబడింది. మన పల్లెల్లో ఏడింటికి వాకిట్లో ముగ్గు పడకపోతే ఎనిమిదింటికల్లా ఎవరో ఒకరు "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అంటూ లోపలికి వస్తారు. ఊరికి ఎడంగా కాపురం ఉంటే అదీ ఉండదు.

హత్యకి కొద్ది రోజుల ముందు గ్రూబర్ ఇరుగుపొరుగుతో ఒక మాట అన్నాడట. అడవిలోంచి తన ఇంటిదాకా మంచులో అడుగులు పడి ఉన్నాయి, తిరిగి వెళ్ళినవి మాత్రం లేవు అని. నేను మంచు చూడలేదు. తొలకరి పడ్డ మా నల్లరేగడి చేను ఊహించుకున్నాను. కాలు వేస్తే చెప్పు ఊడొస్తుంది, నేల ఆరేదాకా ఆ గుంట అలాగే ఉంటుంది. పొద్దున్నే లేచి చూస్తే చేలోంచి మన చావిడి దాకా అడుగులు, అంతే. గ్రూబర్ ఇల్లంతా వెతికాడు గానీ పోలీసులకి చెప్పలేదు.

ఈ అడుగుల మీదే ఆన్‌లైన్‌లో వేలమంది వేల రకాలుగా అల్లారు. మొదటి యుద్ధంలో 1914లో చనిపోయిన విక్టోరియా భర్త నిజానికి చావలేదని, వేరే పేరుతో వచ్చి పగ తీర్చుకున్నాడని కొందరు. అతను చనిపోగా చూశామని తోటి సైనికులు చెప్పారు, శవం మాత్రం దొరకలేదు. ఇలాంటివాళ్ళకి ఆ చిన్న సందు చాలు. దొంగల పని అని కొందరు. డబ్బు ఇంట్లోనే ఉండిపోయింది కాబట్టి ఆ మాట నిలబడదు. అప్పట్లో లక్ష మార్కులు బహుమానం ప్రకటించారు, వందమందికి పైగా అనుమానితులను ప్రశ్నించారు. ఏమీ తేలలేదు. (మరుసటి ఏడాది చివరికి ఆ లక్షతో జర్మనీలో రొట్టె కూడా వచ్చేది కాదు.) తలలు పరీక్షకని మ్యూనిక్ పంపితే రెండో యుద్ధంలో అవీ పోయాయి. 1923లో ఇల్లు పడగొట్టేటప్పుడు అటక మీద ఆ పార దొరికింది. చూడ్డానికి ఇంకేమీ మిగల్లేదు. అయినా ఇవాళ్టికీ ఎవరో ఒకరు "కేసు నేను ఛేదించాను" అంటూనే ఉన్నారు.

మా అమ్మాయి, దాని స్నేహితులు నలుగురు ఒక గ్రూపు పెట్టుకుని ఇదే పనిలో ఉన్నారు. వాళ్ళ లెక్కకి ఆవులు అడ్డం వచ్చాయి. ఆ నాలుగు రోజులూ పశువులకి మేత అందిందనీ, పొగగొట్టంలోంచి పొగ రావడం చూశామని జనం చెప్పారనీ ఎక్కడ చూసినా ఉంది. అంటే చంపినవాడు అక్కడే ఉండి గొడ్లకి మేత వేశాడా? అది నన్ను అడిగింది అందుకే.

నేనూ అందులో పడ్డాను. షాపు కట్టి ఇంటికొచ్చి, అన్నం తిని, పన్నెండింటి దాకా అదే పని. చివరికి ఒక రాత్రి గ్రూపుకి పెద్ద మెసేజ్ రాశాను. కొత్తవాడు కట్టు దగ్గరికి వస్తే గొడ్డు బెదురుతుంది. తెలిసిన చెయ్యి కాకపోతే చేపదు, అంటే పాలు దించదు. మేత ఎక్కడుంది, నీళ్ళు ఎక్కడున్నాయి, ఏది తంతుంది, ఏది పొడుస్తుంది, ఇవన్నీ తెలిసినవాడే ఆ నాలుగు రోజులూ చూసుకోగలడు. కాబట్టి అతను రైతు, ఆ చావిడి తెలిసినవాడు అని తేల్చాను. ఇరవై రెండేళ్ళ అనుభవం అని కూడా రాశాను. పిల్లలు తెగ మెచ్చుకున్నారు. పొద్దున్నే మా అమ్మాయి ఫోన్: "నాన్నా, అయితే పక్క రైతే. శవాలు ముందు చూసింది కూడా అతనే కదా!"

నా చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది. ఈ మాట నేను విన్నాను. జర్మనీ సంగతి కాదు, మా ఇంట్లో.

ముందు ఆ పక్క రైతు గురించి చెబుతాను. పేరు రాయను. మెకానిక్ వచ్చి వెళ్ళాక ఇతను ముందు తన కొడుకుల్ని పంపాడు, వాళ్ళకి ఎవరూ కనబడలేదు. అప్పుడు ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని తనే వెళ్ళాడు. కొట్టంలో శవాలు చూశాక మిగతా ఇద్దరూ జంకితే, ఇతను ఒక్కడే ఇంట్లోకి వెళ్ళాడు. శవాలను కదిలించాడు. హంతకుడు లోపలే ఉంటే ఏం చేసేవాడివి అని అడిగితే, పిల్లవాడి కోసం వెళ్ళానన్నాడట. ఆ రెండేళ్ళ బాబుకి తండ్రిని తనేనని ఒకప్పుడు ఒప్పుకున్న మనిషి అతను. ఇవాళ ఆన్‌లైన్‌లో ఈ ప్రతి అడుగూ నేరానికి రుజువే. భయపడకుండా వెళ్ళాడు కాబట్టి చేశాడు. శవాల్ని ముట్టుకున్నాడు కాబట్టి చేశాడు. అతని మీద ఏనాడూ నేరం రుజువు కాలేదు. తనను హంతకుడని అన్నవాళ్ళ మీద పరువునష్టం దావాలు వేసి గెలిచాడు కూడా. 1941లో పోయాడు. 2007లో బవేరియా పోలీసు కళాశాల విద్యార్థులు కేసు ఫైళ్ళన్నీ మళ్ళీ చదివి, చేసింది ఎవరై ఉంటారో తమలో తాము ఒక అభిప్రాయానికి వచ్చారు. బతికున్న బంధువుల మీద గౌరవంతో పేరు బయటపెట్టలేదు. మా అమ్మాయికి అది పెద్ద అన్యాయం అనిపించింది. నాకు మాత్రం ఈ మొత్తం కథలో మనసుకి నచ్చిన పని అదొక్కటే.

ఇప్పుడు మా పెదనాన్న. 1988 కార్తీకమాసం. నాకు పదేళ్ళు. మా ఊరు గుంటూరు నుంచి గంట దూరం. పెదనాన్న వాళ్ళ చేను పక్కనే, చేలోనే ఇల్లు కట్టుకుని ఒక ముసలి దంపతులు ఉండేవాళ్ళు. రెండు పాడిగేదెలు. ఒక తెల్లవారుజామున ఆ గేదెలు ఆగకుండా అరుస్తుంటే, ఏంటా అని పెదనాన్న గట్టు దాటి వెళ్ళాడు. ఇద్దరూ మంచాల మీదే చనిపోయి ఉన్నారు. ముసలావిడ మెళ్ళో బంగారం లేదు. పెదనాన్న ఊళ్ళోకి పరిగెత్తుకొచ్చి చెప్పాడు.

జనం, పోలీసులు అక్కడికి చేరేసరికి ఎండ ఎక్కింది. గేదెలు నిమ్మళంగా నెమరేస్తున్నాయి. గాట్లో గడ్డి ఉంది. పొదుగులు ఖాళీ. అంతే, ఊరికి కథ దొరికింది. అరిచాయని చెబుతున్నాడే, ఎవడు విన్నాడు? పితికిన గేదె ఎందుకు అరుస్తుంది? అబద్ధం చెబుతున్నాడు అన్నారు. గుంటూరు నుంచి పోలీసు కుక్క వచ్చింది. అది మంచాల దగ్గర వాసన చూసి, గట్టు దాటి, తిన్నగా మా పెదనాన్న గడప ముందు కూర్చుంది. నేను గడ్డివాము పక్కన నిలబడి కళ్ళారా చూశాను. నల్లది, నాలుక చాపి రొప్పుతోంది. పొద్దున అక్కణ్ణుంచి ఇక్కడికి నడిచిన మనిషి ఆయనే కాబట్టి వచ్చిందని ఎవరూ అనుకోలేదు. కుక్క జాడ ఒక్కటీ పట్టుకుని నేరం తేల్చకూడదని సుప్రీంకోర్టే చెప్పింది. ఆ మాట మా ఊరికి ఎవరు చెబుతారు?

ఐదు రోజులు స్టేషన్లో ఉంచి పంపేశారు. కేసు పెట్టలేదు. దొంగలూ దొరకలేదు. ఇంటికొచ్చిన మనిషి కుడికాలు ఈడ్చేవాడు. ఆ తర్వాత ఆయన బతికిన ఇరవై ఒక్క ఏళ్ళూ రచ్చబండ దగ్గర ఆయన కూర్చుంటే ఒకరో ఇద్దరో లేచి వెళ్ళేవాళ్ళు. మా అక్కకి, అంటే ఆయన కూతురికి, మూడు సంబంధాలు తప్పిపోయాయి. ఒకసారి మా దూడ దిగుడుబావిలో పడింది. పెదనాన్న ఒడ్డున నిలబడి అరిచాడు తప్ప, ఇంకో ఇద్దరు వచ్చేదాకా మెట్టు దిగలేదు. ముందు వెళ్ళే మనిషి కాకుండా పోయాడు.

ఆ పెదనాన్న తమ్ముడి కొడుకుని నేను. ఎక్కడో జర్మనీలో ఉన్న చావిడి గురించి గుంటూరులో కూర్చుని, మేత వేసినవాడే చంపాడని తేల్చింది నేను. ఆ మెసేజ్ తీసేశాను. పిల్లలకి ఫోన్ చేసి ఎందుకు తీసేశానో చెప్పాను. మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పెదతాత గేదెలకి ఎందుకు మేత వేశాడు నాన్నా? పోలీసులు వచ్చేదాకా ఆగొచ్చుగా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఆదివారం షాపు కట్టేసి ఊరికి వెళ్ళాను. పెద్దమ్మకి ఎనభై రెండు. చూపు తగ్గింది, మాట మాత్రం స్పష్టంగా ఉంది. అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నేనూ పీట వేసుకుని కాసిని ముందుకు లాక్కున్నాను. ఎలా అడగాలో తెలీక అటూ ఇటూ తిప్పి చివరికి అడిగేశాను. పెదనాన్న ఆ రోజు గేదెల్ని ఎందుకు పితికాడు అని.

"ఆయనెక్కడ పితికాడురా? నేను పితికాను."

నా చేతులు ఆగిపోయాయి. ఆవిడవి ఆగలేదు.

"మీ పెదనాన్న ఊళ్ళోకి ఉరికాడు. నేనొక్కదాన్నే ఉన్నాను అక్కడ. లోపల చూస్తే ఆ ముసలాళ్ళు అట్టా ఉన్నారు. బయట చూస్తే గేదెలు పలుపులు తెంచుకుంటున్నాయి, పొదుగులు రాయిలా అయినాయి. వాటికేం తెలుసు నాయనా, చావులూ పోలీసులూ? దూడల్ని కాసేపు వదిలి, చేపాక పితికి, ఆ పాలు నేలమీద పారబోశాను. అట్టాంటి ఇంటి పాలు ఎవరు తాగుతారు? రెండు కట్టల గడ్డి వేసి వచ్చాను. అంతే."

"మరి పోలీసులకి చెప్పలేదా?"

"మీ పెదనాన్న చెప్పనివ్వలేదు. నిన్ను కూడా తీసుకెళ్తారే అన్నాడు. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ మాట మాత్రం బయటపెట్టలేదు. ఆయన పోయాక చెబుదామనుకున్నా. ఎవరికని చెప్పను? ఇన్నేళ్ళలో ఊరంతా అనుకున్నారే గానీ, నా దగ్గరికొచ్చి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు."

ఇది రాయనా పెద్దమ్మా అని అడిగాను. గింజలన్నీ చేటలోకి వేసి, చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"రాయి. ఊరి పేరు మాత్రం వద్దు. ఆ ముసలాళ్ళ మనవలు ఉన్నారు."