గెడ్డ దాటితేనే బస్సు

నిన్న విశాఖ ద్వారకా బస్ స్టేషన్‌లో పాడేరు బస్సు చూడగానే, నేను మాస్టారుగా పనిచేసిన కొండ ఊరు గుర్తొచ్చింది. 18 గడపలు, 80 మంది. తారురోడ్డు నాలుగు కిలోమీటర్ల కిందే ఆగిపోయేది. మధ్యలో గెడ్డ, అంటే కొండవాగు.

ఒక శ్రావణంలో నిండు గర్భిణిని డోలీలో దించాం. వెదురు బొంగుకి దుప్పటి కట్టి, ముందొకరు, వెనకొకరు. గెడ్డలో నీళ్లు నడుముదాకా వచ్చాయి. భుజం మార్చుకోవడానికి ఆగినప్పుడు ఆ పిల్ల అత్త, "మాస్టారూ, మా ఊరికి రోడ్డెప్పుడొస్తాది?" అంది. నేనేం చెప్పలేకపోయాను. (తల్లీబిడ్డా క్షేమం. ఆ మాట ముందే చెప్పాల్సింది.)

తర్వాత ఊళ్లకి రోడ్డు వేసే నిబంధనలు చదివాను. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానానికి 500 మంది, గిరిజన ప్రాంతానికి 250 మంది జనాభా ఉండాలి. 2023లో వచ్చిన పీఎం జన్‌మన్ పథకం ఆదిమ గిరిజన తెగల ఆవాసాలకి ఆ సంఖ్యని 100కి దించింది. చాలా మంచి పని. అయినా మా ఊరికి ఇరవై మంది తక్కువే! ఆసుపత్రికి చేరడానికి ఎన్ని గంటలు పడుతుందో కూడా లెక్కలోకి తీసుకోవాలని గట్టిగా అనుకుంటాను.

2022లో పాడేరు జిల్లా కేంద్రమైంది. ఇప్పుడు కలెక్టరాఫీసు కోసం విశాఖ దాకా రానక్కర్లేదు. నన్నడిగితే ముందు గెడ్డ మీద కల్వర్టు కట్టాలి, సంత రోజు సాయంత్రం ఇంకో బస్సు వేయాలి. పసుపు బస్తా నెత్తిన పెట్టుకుని దిగినవాళ్లు, ఉన్న ఒక్క బస్సూ పోతుందని, వచ్చిన ధరకే అమ్మేసి పరిగెత్తడం ఎన్నిసార్లు చూశానో.