గొంతులు కొత్తవి, వాయించినవాళ్లు పాతవాళ్లే

పాత పాటల్ని కొత్త గాయకులతో మళ్లీ పాడించిన ఆల్బమ్‌లు నాకు ఓ పట్టాన చెవికెక్కవు. గొంతు బాగానే ఉంటుంది. వెనకాల వాద్యం మాత్రం ఇస్త్రీ చేసిన చొక్కాలా ఎక్కడా మడత లేకుండా ఉంటుంది. పాటని గుర్తుపడతాం, అంతకుమించి ఏమీ జరగదు. ఒక్క సౌండ్‌ట్రాక్ విషయంలో మాత్రం నా మాట చెల్లదు. ‘స్టాండింగ్ ఇన్ ద షాడోస్ ఆఫ్ మోటౌన్’ అని 2002లో వచ్చిన డాక్యుమెంటరీది అది. అందులో పాడింది తర్వాతి కాలం గాయకులు. వాయించింది మాత్రం 1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ అనే రికార్డు కంపెనీ కోసం ఈ పాటలు పుట్టినప్పుడు వాయించిన బృందమే. వాళ్లలో అప్పటికి బతికున్నవాళ్లు.

ఆ బృందం పేరు ఫంక్ బ్రదర్స్. వెస్ట్ గ్రాండ్ బూలెవార్డ్‌లో 2648 నంబరు ఇంటిని మోటౌన్ స్థాపకుడు బెర్రీ గోర్డీ 1959లో కొని, గ్యారేజీని స్టూడియోగా మార్చాడు. వాద్యకారులు దానికి పెట్టుకున్న పేరు స్నేక్‌పిట్, అంటే పాముల గుంట. సుప్రీమ్స్, టెంప్టేషన్స్, ఫోర్ టాప్స్, మార్విన్ గే... బయట ఎవరి పేరు మోగినా లోపల వాయించేది వీళ్లే. చాలామంది డెట్రాయిట్ జాజ్ క్లబ్బుల నుంచి వచ్చినవాళ్లు. రాత్రి క్లబ్బులో జాజ్, పగలు స్టూడియోలో పాప్. మోటౌన్ ఆల్బమ్ మీద వీళ్ల పేర్లు పడటానికి 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ దాకా ఆగాల్సొచ్చింది. ఆ మరుసటి ఏడే కంపెనీ లాస్ ఏంజెలెస్‌కి తరలిపోయింది.

సినిమాలో ఈ బృందం గిటారిస్టు రాబర్ట్ వైట్ గురించి ఒక సంగతి చెబుతారు. ‘మై గర్ల్’ మొదట్లో గిటార్ మీద ఒక్కో మెట్టూ పైకెక్కే ఆ చిన్న వరస ఉంది చూశారూ, అది వాయించిన చెయ్యి ఈయనది. ఏళ్ల తర్వాత ఒక రెస్టారెంట్‌లో కూర్చుని ఉండగా అదే పాట మొదలైందట. ఆర్డరు తీసుకోవడానికొచ్చిన కుర్రాడితో ‘ఇది నేనే’ అనబోయి, నోటిదాకా వచ్చిన మాట మింగేసి, తిండి సంగతి చెప్పాడట. ఎవరో మతి చలించిన ముసలాయన అనుకుంటాడని. ఈ సంగతి విన్నాక ‘మై గర్ల్’ నాకు మామూలు ప్రేమపాటగా వినపడటం మానేసింది. వైట్ 1994లో పోయాడు, సినిమా చూసుకోలేదు.

సినిమాకి మూలం అలన్ స్లట్‌స్కీ 1989లో రాసిన పుస్తకం. అది బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ జీవితం, ఆయన వాయించిన వరసల స్వరలిపి. దర్శకుడు పాల్ జస్ట్‌మన్ ఆ పుస్తకాన్ని బృందం మొత్తం కథగా విస్తరించి, డెట్రాయిట్ పక్కనున్న రాయల్ ఓక్‌లో ఒక థియేటర్ వేదిక మీద వీళ్లందరినీ మళ్లీ కూర్చోబెట్టాడు. సౌండ్‌ట్రాక్‌కి ప్రాణం ఆ కచేరీయే.

ముందుగా వినమని ఎవరైనా అడిగితే నేను చెప్పేది జోన్ ఆస్బోర్న్ పాడిన ‘వాట్ బికమ్స్ ఆఫ్ ద బ్రోకెన్‌హార్టెడ్’. 1966లో జిమ్మీ రఫిన్ పాడిన పాట. ఆ రికార్డులో గొంతు మొదలయ్యేలోపు వాద్యం చాలాసేపు నడుస్తుంది. ముందు అక్కడ రఫిన్ చెప్పిన మాటలు కొన్ని ఉండేవి, చివరికి వాటిని తీసేశారు, కింది సంగీతం అలాగే మిగిలింది. అదృష్టం మనది. ఆ కాసేపట్లోనే దిగులు గదంతా పరుచుకుంటుంది. ఆస్బోర్న్ దీన్ని పాడేటప్పుడు రఫిన్‌ని అనుకరించదు, మించిపోవాలనీ చూడదు. మొదటి చరణాల్లో గొంతు దాచుకుంటుంది. పోనుపోనూ విప్పుతుంది. చివరికొచ్చేసరికి గుండె బరువంతా బయటపెట్టేస్తుంది. అంత పైకి వెళ్లినా ఆమె ఎక్కడా ఒంటరిగా అనిపించదు, ఎందుకంటే కింద పట్టుకున్నవాళ్లు ఈ పాటని ముప్ఫై ఏళ్లకి పైగా చేతుల్లో మోస్తున్నవాళ్లు. అదే గొంతు వెనక వేరే బృందాన్ని పెడితే ఇంకొకరి పాటని బాగా పాడిన కవర్ అయ్యుండేది. ఇది పాట తన ఇంటికి తాను వచ్చినట్టుంది.

నేను ఇంట్లో నా కోసం బేస్ గిటార్ వాయించుకుంటాను. అందుకని నా చెవి ముందు అటే పోతుంది. జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడేవాడు. ఆ వేలికి ‘హుక్’, అంటే కొక్కెం, అని పేరు కూడా ఉంది. 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ గిటార్, ఫ్లాట్‌వూండ్ అనే నున్నటి తీగలు, అవి కూడా తెగితే తప్ప మార్చేవాడు కాదు. తీగలు మెడ మీద నుంచి బాగా ఎత్తుగా ఉండేవి. ‘వాట్స్ గోయింగ్ ఆన్’ బేస్ వరసని ఒక్క వేలితో వాయించి చూడండి. స్వరాలు నేర్చుకోవచ్చు. వేలు ఒక తీగని లాగి, వెనక్కొచ్చే దారిలోనే కింది తీగ మీద వాలిపోతుంది చూడండి, అక్కడ పుట్టే ఆ తూగు మాత్రం ఎంత సాధన చేసినా అంత తేలిగ్గా పట్టుబడదు. ఆయన దాన్ని రికార్డు చేసిన రాత్రి కూర్చోలేని స్థితిలో నేల మీద వెల్లకిలా పడుకుని వాయించాడని చెబుతారు.

జేమర్సన్ 1983లోనే పోయాడు. సౌండ్‌ట్రాక్‌లో చాకా ఖాన్ ఆ పాట పాడుతుంటే బేస్ పట్టుకున్నది బాబ్ బాబిట్. ఏదో ఖాళీ పూరించడానికి వచ్చినవాడు కాదు. అదే మార్విన్ గే ఆల్బమ్‌లో ‘మెర్సీ మెర్సీ మీ’, ‘ఇన్నర్ సిటీ బ్లూస్’ పాటలకి బేస్ ఆయనదే. అంటే జేమర్సన్ పక్కనే నిలబడి పనిచేసినవాడు జేమర్సన్ పాటకి కాపు కాస్తున్నాడన్నమాట. చాకా ఖాన్ గొంతులో సహజంగా ఉండే మంట ఇక్కడ బాగా అదుపులో ఉంటుంది. మార్విన్ గే వేడుకున్నట్టు పాడిన పాటని ఆమె నిలదీసినట్టు పాడింది, నాకు రెండూ కావాలి. ఈ ఒక్క పాటకి 2003లో గ్రామీ వచ్చింది, సౌండ్‌ట్రాక్‌కి ఇంకొకటి.

బాబిట్ తెల్లవాడు. సినిమాలో గాయని మిషెల్ ఎన్‌డెగెయోచెల్లో ఆయన ఎదురుగా కూర్చుని, మార్టిన్ లూథర్ కింగ్ హత్య నాటి డెట్రాయిట్‌లో నల్లవాళ్ల బృందంలో ఉండటం ఎలా ఉండేదని అడుగుతుంది. ఆయనకి గొంతు పూడుకుపోతుంది. ఆమె కూడా బేస్ వాద్యకారిణే, అందుకే కాబోలు ఆ మాటల్లో ఇంటర్వ్యూ వాసన లేదు. ఆమె పాడిన ‘క్లౌడ్ నైన్’ విన్నప్పుడల్లా నాకు ఆ దృశ్యం కళ్లముందుకొస్తుంది.

బెన్ హార్పర్ ‘ఎయింట్ టూ ప్రౌడ్ టు బెగ్’ మర్యాదగా పాడాడు. ఈ పాటకి అంత మర్యాద అక్కర్లేదు, టెంప్టేషన్స్ గాయకుడు డేవిడ్ రఫిన్ నరాలు తెగేలా అరిచిన పాట. జెరాల్డ్ లెవర్ట్ ‘రీచ్ ఔట్’ మాత్రం గుండెల్ని పట్టి ఊపుతుంది. బూట్సీ కాలిన్స్‌వి రెండున్నాయి. ఆయన బేస్ అంటే నాకు ప్రాణం గానీ ఇక్కడ పాడటానికే పిలిచారు, చూడటానికి ఉన్నంత సరదా వినడానికి లేదు. అయినా ‘కూల్ జెర్క్’ దాటెయ్యకండి. అది మోటౌన్ పాటే కాదు. 1966లో క్యాపిటల్స్ అనే బృందం కోసం ఫంక్ బ్రదర్స్ తమ కంపెనీ కన్నుగప్పి వెళ్లి వాయించిన పాట. మధ్యలో పాట ఆగి డ్రమ్స్, బేస్, పియానో ఒక్కొక్కటే తిరిగొచ్చే చోటుంది. పేర్లు అచ్చుకాని వాళ్లు కాసేపు పాటలో ముందుకొచ్చి నిలబడే చోటది.

డ్రమ్స్ వాయించిన రిచర్డ్ ‘పిస్టల్’ ఆలెన్ 2002 జూన్‌లో, సినిమా థియేటర్లకి రాకముందే కన్నుమూశాడు. కీబోర్డ్ జానీ గ్రిఫిత్ సినిమా విడుదలైన నవంబరులోనే పోయాడు. ఇంకో రెండు మూడేళ్లు ఆలస్యమై ఉంటే ఈ ఆల్బమ్ ఈ రూపంలో ఉండేదే కాదు.

కొనేటట్టయితే 2004లో వచ్చిన డీలక్స్ ఎడిషన్ వెతకండి. రెండో డిస్కులో పాత రికార్డుల్లోంచి గొంతులు తీసేసి ఒట్టి వాద్యం వినిపించారు. జాక్ ఆష్‌ఫర్డ్ టాంబొరిన్ ఎక్కడ పడుతోందో, ముగ్గురు గిటారిస్టులు ఒకరి దారికి ఒకరు అడ్డు రాకుండా ఎలా సర్దుకున్నారో విడివిడిగా తెలుస్తుంది. ముందు అది విని, తర్వాత మొదటి డిస్కుకి రండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి, ఫోన్ స్పీకర్లో ఈ బేస్ అసలు వినపడదు.