నిన్నటి ఆలుగడ్డ మళ్లీ కరకరలాడాలంటే: నా అనుభవం

నిన్న రాత్రి ఓవెన్‌ల కాల్చిన ఆలుగడ్డ ముక్కలు ఇప్పుడే రొట్టెల పెంక మీద వేడి చేసి తిన్న. పైపొర ఫెళ్లున విరిగింది, లోపల వెన్న లెక్క ఉన్నది. ఈ ముక్క దాక వచ్చేసరికి మూడు వారాలు పట్టింది, 9 కిలోల గడ్డ అయిపోయింది. కాల్చుడు తొందరగనే పట్టువడ్డది. మిగిలినవి మరునాడు వేడి చేసుడే సతాయించి చంపింది. అందుకే కాల్చే పద్ధతి ముందు చెప్పేసి, ఆ సంగతి తీరిగ్గ చెప్తా.

ముందు గడ్డ చూసుకోవాలె. పిండి ఎక్కువ, నీరు తక్కువ ఉన్న గడ్డనే కరకరలాడుతది. దుకాణంల రకం పేరు అడిగితే ఎవరూ చెప్పరు, అన్నీ ఆగ్రా గడ్డే అంటరు. ఇంట్లనే పరీక్ష చేసుకోవచ్చు: 11 గ్లాసుల నీళ్లల్ల 1 గ్లాసు ఉప్పు కరగబెట్టి గడ్డలు వెయ్యాలె. మునిగినవి కాల్చుడుకు, తేలినవి కూరకు.

పిండి ఉన్నా సరే, కోల్డ్ స్టోరేజీ గడ్డతోని ఇంకొక తిప్పలు ఉన్నది. 2 నుంచి 4 డిగ్రీల చలిల నెలల తరబడి ఉన్న గడ్డల పిండి కొంత చక్కెరగ మారుతది. ఆ చక్కెర వేడికి గబుక్కున నల్లబడి చేదు వస్తది. లోపల ఉడకకముందే పైన మాడుతది. మనమేమో మంట ఎక్కువైందనుకొని మంట తగ్గిస్తం, అప్పుడు నల్లగనూ ఉంటది, మెత్తగనూ ఉంటది. ఉత్తరాది పంట ఫిబ్రవరి, మార్చి నెలల్ల కోల్డ్ స్టోరేజీలకు పోయి నవంబర్ దాక బయటికి వస్తుంటది. అంటే వానకాలం నుంచి దీపావళి దాక మనకు దొరికేదాంట్ల ఎక్కువ పాతదే. ఒక దుకాణాయన నాకు ఎర్రమట్టి పూసిన పాత గడ్డను కొత్త గడ్డ అని కిలోకు పది రూపాయలు ఎక్కువ పెట్టి అమ్మిండు. మట్టిని చూసి మోసపోవద్దు. బొటనవేలుతోని రుద్దితే పొట్టు లేవాలె, అప్పుడే అది కొత్తది. జహీరాబాద్ దిక్కు గడ్డ జనవరి, ఫిబ్రవరిల వస్తది, అప్పుడు కొనుక్కున్నోళ్లకు ఈ చక్కెర బాధ లేదు. పాతదే దొరికిందా, గోనెసంచిల వేసి, చీకట్ల, గాలి ఆడేచోట 10-15 రోజులు ఉంచుండ్రి. చక్కెర కొంత మళ్లీ పిండి అయితది. ఫ్రిజ్‌ల పెట్టిండ్రంటే మన చేతులతోని మనమే దాన్ని చెడగొట్టుకున్నట్టు. చిప్స్ కోసం తీసిన కుఫ్రి చిప్సోనా రకాలల్ల ఈ చక్కెర తక్కువ, కనపడితే వదలొద్దు. పచ్చబడ్డ గడ్డ మాత్రం ఏ రకమైనా తీసుకోవద్దు, ఆ పచ్చతోని వచ్చే విషం కాల్చినా పోదు.

1 కిలో గడ్డ పొట్టు తీసి, 4 సెంటీమీటర్ల ముక్కలు కొయ్యాలె. 2 లీటర్ల నీళ్లు మరగబెట్టి 2 పెద్ద చెంచాల ఉప్పు, అర టీస్పూను వంటసోడా వేసి, ముక్కలు వేసి, మళ్లీ మరుగు వచ్చినంక 10 నిమిషాలు. కత్తి మొన సులువుగ దిగాలె, ముక్క మాత్రం విరగొద్దు. సోడా ఎందుకంటే, గడ్డ కణాలను అతికి పట్టుకునే పెక్టిన్ క్షారంల కరిగి పైన గుజ్జు లేస్తది. కాలినంక ఆ గుజ్జే పైపొర. పులుపు దీనికి ఉల్టా పని చేస్తది. చింతపండు పులుసుల ఆలుగడ్డ ఎంతసేపటికీ చితకదు కదా, అందుకే. నీళ్లల్ల సున్నం ఎక్కువున్నా గట్లనే గట్టిపడుతది. బోరు నీళ్ల సంగతి ఇంకొకటి చెప్పాలె: ఫ్లోరైడ్ మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడతది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పడ్డ జిల్లా మాది, ఇది తేలిక మాట కాదు. ఉడకబెట్టుడుకు మిషన్ భగీరథ నల్లా నీళ్లు వాడుండ్రి.

నీళ్లు వంచి, ముక్కలను చిల్లుల గిన్నెల 5 నిమిషాలు వదిలెయ్యాలె. ఆవిరి మొత్తం పోయి అంచులు తెల్లగ పొడిబారాలె. ఇది దాటేసినోళ్లందరికీ మెత్తటి గడ్డనే వస్తది. తర్వాత మూత పెట్టిన గిన్నెల వేసి నాలుగైదుసార్లు గట్టిగ కుదిపితే పైన బరకగ గుజ్జు పట్టుకుంటది.

నూనె 5 పెద్ద చెంచాలు. పాలమూరు దిక్కు గానుగ పల్లినూనె వాసనకు సాటి లేదు, కని అది 160 డిగ్రీల దగ్గరనే పొగ వస్తది. ఓవెన్‌కు రిఫైండ్ పల్లినూనె, గానుగది చివర్ల మీద చల్లుకునేటందుకు. తట్టల నూనె పోసి 220 డిగ్రీల ఓవెన్‌ల 10 నిమిషాలు కాగనియ్యాలె, ముక్క వెయ్యంగనే చుయ్యిమనాలె. ముక్కకు ముక్కకు మధ్య వేలు పట్టేంత జాగ ఉంచాలె. 1 కిలో గడ్డ 30 లీటర్ల ఓటీజీ (ఇంట్ల వాడే చిన్న కరెంటు ఓవెన్) తట్టల ఒక్కసారి పట్టదు, రెండు వాయిలు చెయ్యాలె. ఇరికిస్తే ఒకదాని ఆవిరి ఇంకొకదాన్ని ఉడకబెడతది, ఇగ కాలదు. మొదటి 20 నిమిషాలు ముట్టుకోవద్దు. అంచులు వాటంతట అవే తట్టను వదిలినంక తిప్పి, ఇంకొక 25 నిమిషాలు. ఓటీజీ గుండీ 220 చూపించినంత మాత్రాన లోపల 220 ఉండదు. చిన్న ఓవెన్ థర్మామీటర్ పెట్టి చూస్తే మాదాంట్ల 190 దాటలే. అమ్మిన దుకాణంల అడిగితే వంట రాక అంటున్నరన్నట్టు మాట్లాడిండ్రు. థర్మామీటర్ కొనుక్కోండి, దుకాణపోళ్లను అడగకండి.

ఇంతవరకు సులువే. ఇగ మిగిలిన గడ్డ.

చుట్టాలు వస్తున్నరని పొద్దుగాల కాల్చి, వేడి చల్లారొద్దని హాట్‌బాక్స్‌ల పెట్టిన. మధ్యాహ్నం మూత తీస్తే మూత లోపల నీళ్లు బొట్లుబొట్లుగ వేలాడుతున్నయి, గడ్డ తడిసిన అట్ట లెక్క అయింది. మైక్రోవేవ్‌ల తిప్పిన, తోలు లెక్క సాగింది. పొద్దుగాల కరకరలాడిందని ఎవరికి చెప్పినా నమ్మరు. ఆ రోజు పడ్డ సిగ్గుకే ఈ పని మొత్తం చేసిన.

హాట్‌బాక్స్‌ల అయ్యేదేందంటే: పైపొర అంటే తడి మొత్తం పోయిన పిండి పలక. లోపలి గుజ్జుల మాత్రం నీళ్లు ఎక్కువనే ఉంటయి. కాలుతున్నంతసేపు ఆ నీళ్లు ఆవిరై బయటికి పోతుంటయి, వేడి పైపొరను దాటిపోతయి. వేడి ఆగంగనే ఆ ఆవిరి పైపొరలనే ఆగి తడి అయితది. మూత పెడితే పోయే దారి కూడ బంద్. రెండో సంగతి ఫ్రిజ్: చలికి పిండి మళ్లీ గట్టిపడి లోపల ఇసుక ఇసుకగ అయితది. దాదాపు 60 డిగ్రీలు దాటి వేడి చేస్తే ఇది మళ్లీ మెత్తబడతది, కాబట్టి భయం లేదు. మైక్రోవేవ్ తప్పు ఏందంటే, అది లోపలి నీళ్లను వేడి చేస్తది గని, చుట్టూ ఉన్న గాలిని చెయ్యదు. లోపలి నుంచి ఆవిరి తన్నుకొని వస్తది, బయట గాలి చల్లగ ఉండేసరికి పైపొర మీదనే కూసుంటది. ఎక్కువ సేపు తిప్పితే ఆరిపోతది అనుకుంటరు, తోలు అవుడే ఎక్కువయితది.

ఇది తెలిసినంక ఒకటే వాయి నాలుగు కుప్పలు చేసి చూసిన. ఫలితం ఇదీ.

ఓవెన్: 200 డిగ్రీలకు ముందే వేడి చేసి, ఖాళీ తట్ట కూడ లోపలనే కాగనిచ్చి, ముక్కలు దూరం దూరంగ పరిచి, 12 నుంచి 15 నిమిషాలు, మధ్యల ఒకసారి తిప్పాలె. అర కిలోకు 1 టీస్పూను నూనె చాలు. మొదటిసారి పీల్చిన నూనె ఉండనే ఉంటది, ఎక్కువ పోస్తే జిడ్డు. అన్నిటికంటే సమానంగ వచ్చింది ఇదే.

ఎయిర్ ఫ్రయర్: 190 డిగ్రీల, 6 నిమిషాలు, బుట్టల ఒక్క వరుసనే. తొందరగ అయితది, కని చిన్న ముక్కలు ఎండిపోతయి.

ఇనుప పెంక: నేను దీనికే ఓటు వేస్తా, కరెంటు పోయినా ఆగదు. జొన్నరొట్టెల మందం పెంక మధ్యస్థ మంట మీద 3 నిమిషాలు కాగనిచ్చి, 2 టీస్పూన్ల నూనె వేసి, ముక్కలు కోసిన వైపు కిందికి పెట్టాలె. మూత పెట్టొద్దు, కదపొద్దు. ఒక్కో వైపు 3 నిమిషాలు, మొత్తం 10 నిమిషాల దాక. ముక్క పెద్దగ ఉంటే లోపల చల్లగ ఉంటది. మూత పెట్టి మగ్గియ్యాలన్న బుద్ధి పుడతది, పెడితే చేసిన పని మొత్తం పాడు. దానికి బదులు స్టీలు గిలాస అడుగుతోని ముక్కను ఒకటిన్నర సెంటీమీటర్ మందానికి వత్తాలె. చెదిరిన అంచులన్నీ పెంకకు తగిలి కరకరలాడతయి, లోపలికి వేడీ తొందరగ పోతది. నా లెక్కల ఇవి మొదటి రోజువాటికంటే బాగున్నయి. ఇంట్ల ఐదుగురిల నలుగురు నిన్నటి గడ్డనే ముందు ఖాళీ చేసిండ్రు.

నాలుగో కుప్ప మైక్రోవేవ్, పైన చెప్పిందే అయింది. దాన్ని వాడాలంటే ఒక్కటే తీరు: 40 సెకన్లు తిప్పి, బయట పళ్లెంల 1 నిమిషం ఆవిరి పోనిచ్చి, ఆ తర్వాత పెంక మీద వెయ్యాలె. లోపలి వేడి ఒకరిది, పైపొర పని ఇంకొకరిది అన్నట్టు.

అసలైతే రేపటి గడ్డను ఇవ్వాళనే ఆలోచించి వేరు తియ్యాలె. ఈ ఒక్కటి ముందు తెలిసి ఉంటే నాకు రెండు వారాలు మిగిలేవి. రేపటికి అనుకున్న ముక్కలను పూర్తిగ ఎర్రబడనియ్యకుండ, లేత పసుపు రంగులనే, 10 నిమిషాల ముందే తియ్యాలె. మిగతా రంగు రేపు వేడి చేసేటప్పుడు వస్తది, లేకపోతే రెండోసారికి చేదు. వాటికి ఉప్పు, కారం పట్టియ్యొద్దు. ఉప్పు లోపలి తడిని పైకి గుంజుతది, కారప్పొడి రెండోసారి వేడికి మాడుతది. కారం ఎప్పుడైనా తినేముందే: 6 ఎల్లిపాయ రెబ్బలు, 1 టీస్పూను జీలకర్ర, 1½ టీస్పూన్ల కారం, చిన్న కుడుక ముక్క, తగినంత ఉప్పు రోట్ల బరకగ దంచి, పొయ్యి మీది నుంచి దింపిన ముక్కలకు పట్టించాలె. ఓవెన్‌ల ముందే ఎల్లిపాయ వేసే వీడియోలు చేసేటోళ్లు వాళ్లు చేసింది వాళ్లు తిన్నరో లేదో నాకు అనుమానం. 220 డిగ్రీలకు ఎల్లిపాయ ముందుగాల బొగ్గు అయితది.

కాల్చినవి జాలీ మీద, మూత లేకుండ చల్లారబెట్టాలె. పళ్లెంల పోస్తే అడుగువైపు చెమటపడతది. గంట లోపల చల్లారితే మంచిది, మన ఎండకాలంల ఆ గంట దాటి బయట ఉంచనే వద్దు. చల్లారినంక డబ్బాల కింద నూలు గుడ్డ, పైన నూలు గుడ్డ వేసి ఫ్రిజ్‌ల పెట్టాలె. 3 రోజుల లోపల తినెయ్యాలె. ఫాయిల్‌ల గట్టిగ చుట్టి వేడి గడ్డను బయట వదలొద్దు, గాలి ఆడని వెచ్చటి చోట బొటులిజం అనే ప్రాణాంతకమైన రోగం తెచ్చే విషం పుట్టే ప్రమాదం ఉన్నది. ఫంక్షన్ హాళ్లల్ల ఫాయిల్ కప్పి గంటలకు గంటలు ఉంచుతరు. ఒక పెండ్లిల వంటాయనకు చెప్పి చూసిన, ఇన్నేండ్ల నుంచి చేస్తున్న అన్నడు. అది జవాబు కాదు.

పిల్లల టిఫిన్ డబ్బాకైతే పెంక మీది నుంచి తీసినంక 10 నిమిషాలు జాలీ మీద ఆరనిచ్చి, చల్లగనే సర్ది, కారం వేరే చిన్న డబ్బాల పెట్టుండ్రి. పచ్చిపులుసు, పెరుగు ముట్టకుండ చూసుకోవాలె. వేడి చేసుడు ఒక్కసారే. రెండోసారి మిగిలినవాటిని మళ్లీ కరకరలాడించాలని చూడకుండ చేతితోని నలిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, కొత్తిమీర వేసి జొన్నరొట్టె పిండిల కలిపెయ్యండి.