ఉమ్మడి ల్యాబ్‌ల నల్గొండ పేరు

జర్మనీల నేను పనిచేసే ఎక్స్‌రే ల్యాబ్‌ల పదార్థాల మీద ఎక్స్‌రేలు కొట్టి, లోపల అణువులు ఎట్ల పేర్చి ఉన్నయో చూస్తం. అది ఏ ఒక్క ప్రొఫెసర్ సొంతం కాదు. యూనివర్సిటీ మొత్తానికి ఉమ్మడి. కెమిస్ట్రీ, ఫార్మసీ, జియాలజీ, ఎవరైనా శాంపిల్ తెస్తరు, స్లాట్ రాసుకుంటరు, తమ ప్రాజెక్టు పైసల్ల నుంచి గంటల లెక్కన కడ్తరు. ఇదేమంత పెద్ద ముచ్చట అనిపిస్తది గని, నేను ఇక్కడికి రాకముందు చూసిన ఒకకాడ మిషన్ మీద బట్ట కప్పి ఉండేది, తాళంచెవి ఒక్కరి జేబుల ఉండేది. అందుకే అందరూ వంతు ప్రకారం వచ్చే ఈ లైన్ అంటే నాకు మస్తు ఇష్టం.

శాంపిల్ చిన్న సీసాల వస్తది. దాంట్ల 0.2 మిల్లీమీటర్ పలుకు (స్ఫటికం) ఒక్కటి మంచిది దొరికితే చాలు. ఆరబెట్టి తెచ్చినోళ్లను చూస్తే నాకు కోపమొస్తది. లోపలి ద్రావకం పోయిందంటే పలుకు పిండైతది. నూనె చుక్కల వేసి మైక్రోస్కోప్ కింద తిప్పుత. పోలరైజ్డ్ వెలుతురుల మంచి పలుకు 90 డిగ్రీలకోసారి మొత్తం ఒక్కసారే చీకటైతది. సగమే చీకటైతే రెండు అతుక్కున్నయన్నట్టు. నైలాన్ లూప్‌తోని ఎత్తి మిషన్ల పెడ్త. మైనస్ 173 డిగ్రీల నైట్రోజన్ గాలి దానిమీద పారుతుంటది. కొన్ని ఎక్స్‌రే ఫొటోలు పడంగనే యూనిట్ సెల్, అంటే పలుకంత మళ్లమళ్ల వచ్చే చిన్న డబ్బా కొలతలు, తెలుస్తది. దాన్ని కేంబ్రిడ్జ్ డేటాబేస్‌ల వెతుకుత. 1965ల మొదలైన ఆ ఖజానాల 2019కే పది లక్షల పలుకుల నిర్మాణాలు చేరినయి. నెలల తరబడి కష్టపడి "కొత్త పదార్థం" అని తెచ్చిన పిల్లకు, "అమ్మా, ఇది నువ్వు మొదట గిన్నెల వేసిన ముడిసరుకే" అని చెప్పాల్సి వస్తది. ఈ కొలువుల కష్టం అదే. ఎక్స్‌రేల భయమేం లేదు, తలుపు తీస్తే కిరణాలు బయటికి రాకుండ షటర్ దానంతటదే పడ్తది.

పోయిన చలికాలం, పొడి మీద ఎక్స్‌రే కొట్టి స్క్రీన్ మీద గీతలు చూపే పౌడర్ మిషన్ కాడికి జియాలజీ నుంచి ఇథియోపియా పిలగాడొకడు వచ్చిండు. నల్లటి పొడి తెచ్చిండు: పశువుల బొక్కలు కాల్చి చేసిన బొగ్గు. వాళ్ల రిఫ్ట్ లోయల నీళ్లకు ఫ్లోరైడ్ ఎక్కువ, ఈ బొగ్గు దాన్ని పీల్చుకుంటదంట. మాటల్ల మాట, నీది ఏ ఊరు అన్నడు. మునుగోడు అంటే తెల్వదని నల్గొండ అన్న. వాడు కుర్చీల నుంచి లేచిండు. "నల్గొండ టెక్నిక్!" అన్నడు.

నీళ్లల్ల ఫ్లోరైడ్ తగ్గించేటందుకు నాగపూర్‌ల ఉన్న నీరి (జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు తయారు చేసిన పద్ధతి అది. డ్రమ్ముల నీళ్లల్ల పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, తేరినంక పైనీళ్లు తీసుకునుడు. మా జిల్లా పేరు అట్ల ఆఫ్రికా దాకా పోయింది. వాని దృష్టిల నల్గొండ ఒక ఊరు కాదు, ఒక డ్రమ్ము.

బొక్కల ఖనిజం హైడ్రాక్సీఅపటైట్. దాంట్ల హైడ్రాక్సైడ్ ఉండే జాగల ఫ్లోరైడ్ వచ్చి కూసుంటది. అప్పుడు యూనిట్ సెల్ ఒక అంచు 9.42 నుంచి 9.37 ఆంగ్‌స్ట్రామ్‌లకు తగ్గుతది. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటర్‌ల పదికోట్లో వంతు. బొగ్గు పలుకులు మరీ సన్నయి గనుక గీతలు వెడల్పుగ వస్తయి, అంత చిన్న తేడా పట్టుడు కష్టం. స్క్రీన్ మీద ఆ గీతలు చూస్తుంటే మా వాడకట్టు ముసలోళ్ల వంగిన నడుములు యాదికొచ్చినయి. వాళ్ల బొక్కలల్ల ఫ్లోరైడ్ కూసున్నది గూడ ఇదే జాగల.

సెలవుకు ఇంటికి పోయినప్పుడు మా మేనమామకు ఇదంత చెప్పిన.

"మన పేరు పెట్టిన్రా? మంచిదే అల్లుడా. గని రోజూ పటిక కొలిచి కలిపేటోడెవడు, ఆ అడుగు మడ్డి పారబోసేటోడెవడు? మనకు అక్కరకొచ్చింది కృష్ణ నీళ్లు."

కాదనలేకపోయిన. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దనే లెక్క అందరికీ తెలిసిందే. ఆ లెక్కకు తగ్గ నీళ్లు నల్లాల వచ్చినంకనే ఊరు తెరిపిన పడ్డది.

"మరి ఆ పిలగాని దిక్కు నది లేదా?"

"పెద్ద సరస్సులున్నయి మామా, కొన్నిట్ల ఫ్లోరైడ్ ఇంకా ఎక్కువ."

"అట్లయితే పోంగనే ముందు వాని పొడే పెట్టు మిషన్ల."

"అట్ల కుదరదు మామా, లైన్ ఉంటది" అన్న. నేను చెప్పేది ఆయనకు నచ్చలే.